దుకాణం కట్టే ముందు ఎండను లెక్క కట్టండి

ఎరువులు, విత్తనాల దుకాణం నిర్మించుకొనుటకు మీరు బ్యాంకు శాఖకు తెచ్చే అంచనా పత్రంలో ఇటుక, సిమెంటు, ఇనుము, షట్టరు, బల్లలు అన్నీ ఉంటాయి. ఎండ పద్దు మాత్రం ఉండదు. ఆ పద్దును కరెంటు బిల్లు రూపంలో నెలనెలా మీరే చెల్లిస్తారు. ఋణ వాయిదాలు ఒకనాటికి తీరుతాయి, బిల్లు తీరదు. పైగా దుకాణానికి యూనిట్ ధర ఇంటి ధరకంటే ఎక్కువ.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. కనుక ఒక అంతస్తు దుకాణంలోకి చేరే వేడిలో పెద్ద భాగం పైకప్పు నుండే దిగుతుంది. బోసిగా వదిలిన సిమెంటు స్లాబు మే నెలలో 60 డిగ్రీల వరకు కాగగలదు. పగలు తాగిన వేడిని పొద్దుపోయేవరకు లోపలికి విడుస్తూనే ఉంటుంది. దానిపై తెల్లసున్నం పూసినా, పగిలిన తెల్ల పింగాణీ పలకల ముక్కలు పరచినా ఎండలో అధికభాగం వచ్చిన దారినే తిరిగిపోతుంది. సున్నం చౌక, కాని వానలకు కొట్టుకుపోతుంది గనుక ఏటా ఫాల్గుణంలో మళ్ళీ పూయించాలి. పింగాణీ పరుపుకు ఖర్చు ఎక్కువైనా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఏదైనా దుమ్ము పట్టితే పని చేయదు, కడుగుతూ ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పులకై ఒక ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది.

పడమటి ఎండ తీరు వేరు. అది వాలుగా వచ్చి సజ్జా క్రిందనుండి లోపలికి దూరుతుంది. రోడ్డు ఎటు ఉంటే షట్టరు అటే పెట్టక తప్పదు గదా! పడమటి ముఖమే అయితే ముందు వసారా దింపి, దాని అంచున వెదురు తడిక వేలాడదీయండి. మూడు గోడలు, ఒక షట్టరు గల గదిలో గాలికి రాక ఉంటుంది, పోక ఉండదు. వెనుక గోడలో కప్పుకు దగ్గరగా, ఎలుకలు దూరని ఇనుప జాలీతో కిటికీ వదలండి.

విత్తన వ్యాపారికి ఇది బిల్లుతో ముగిసే విషయం కాదు. నిల్వ ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు తగ్గితే విత్తనపు ఆయుష్షు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉన్నది. కాగిన గదిలో మిగిలిన సరుకు మొలకెత్తకపోతే రైతు నిలదీసేది మిమ్మల్నే.

పెద్ద వాణిజ్య భవనాలకు కేంద్రం 2007లోనే ఇంధన పొదుపు నియమావళి తెచ్చినది. సాధారణంగా 100 కిలోవాట్లు, ఆపై లోడు గల భవనాలకే అది వర్తిస్తుంది. మీ దుకాణాన్ని అడిగేవారు లేరు. కనుక మీరే అడుగుకోవాలి.

ఫ్యాన్ల లెక్క చూడండి. 75 వాట్ల పాత రకం ఫ్యాన్లు నాలుగు రోజుకు 10 గంటలు తిరిగితే 3 యూనిట్లు. 30 వాట్ల కొత్త రకం ఫ్యాన్లకు 1.2 యూనిట్లు చాలును. నెలకు 54 యూనిట్ల తేడా. దీనిని మీ బిల్లులోని ధరతో గుణించుకోండి. ఏసీ తప్పనిసరి అయితే కప్పు పని ముగించిన తరువాతనే కొనండి, అప్పుడు చిన్నదే సరిపోవచ్చును. దానిని 24 డిగ్రీల వద్ద ఉంచండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా.

కప్పు పూత, వసారా, వెనుక కిటికీలను అంచనా పత్రంలో విడి పద్దులుగా వ్రాయమని మీ ఇంజనీరును కోరండి. స్లాబు పోసిన తరువాత అదనపు మొత్తం కోరడంకంటే, మొదటి దరఖాస్తులోనే చేర్చడం మీకూ, శాఖకూ సులువు. పత్రంతోపాటు ఉత్తర దిక్కు గుర్తించిన స్థలపటం కూడా తీసుకొని రండి.