చదువురానివారికి దారి చెప్పు నగరము

వేకువజామున ప్రసారము మొదలగుటకు ముందు ఆకాశవాణి సంకేతస్వరము వినబడును. అందులో ఒక్క మాటయైనను లేదు. ఐనను అక్షరాభ్యాసము కాని పసివాడు సైతము విన్నంతనే అది ఆకాశవాణి యని పోల్చుకొనును. చదువనక్కరలేని ఇట్టి ఆనవాలు ఒక మహానగరమునకు కూడ ఉండవచ్చునా? ఉండవచ్చునని మెక్సికో నగరము నిరూపించినది. బొమ్మలను చూపలేని రేడియోవారమైన మేము, ఆ బొమ్మల కథను నేడు మాటలలో చెప్పబూనితిమి.

చదువురాని మనిషి క్రొత్త నగరమున రైలు దిగినాడనుకొనుడు. బోర్డుల నిండ అక్షరములే. అడుగుటకు సిగ్గు, అడిగినను, చెప్పినవాడు సరిగ చెప్పెనో లేదో తెలియదు. 1960 దశకమున మెక్సికో నగరములో భూగర్భ రైలుమార్గమును నిర్మించునపుడు ఈ చిక్కు ఎదురైనది. నగరవాసులలో చదువురానివారు చాలమంది ఉండిరి. స్పానిషు తల్లిభాష కానివారును ఉండిరి.

1968 ఒలింపిక్ క్రీడలకు చిహ్నములు రచించిన అమెరికా చిత్రకారుడు లాన్స్ వైమన్ ఈ పనికి పూనుకొనెను. ఆయనయు, ఆయన సహచరులును ప్రతి స్టేషనుకు పేరుతోపాటు ఒక బొమ్మను నిర్ణయించిరి. ప్రతి మార్గమునకు ఒక రంగు ఏర్పడినది. 1969 సెప్టెంబరు 4వ తేదీన తెరచిన మొదటి మార్గమునకు గులాబిరంగు.

ఆ బొమ్మలు ఆయా చోట్లనుండియే పుట్టినవి. చాపుల్తెపెక్ అనగా నావాత్ల్ భాషలో మిడుతల కొండ. దాని గుర్తు మిడుత. కాందెలారియా పేటకు బాతుల పేట యని పూర్వపు పేరు. దాని గుర్తు బాతు. మెర్సెద్‌లో పెద్ద అంగడి కలదు. దాని గుర్తు పండ్ల పెట్టె. పినో స్వారెజ్ స్టేషనుకై త్రవ్వుచుండగా అజ్టెక్కుల నాటి చిన్న ఆలయ మొకటి బయల్పడినది. దానిని స్టేషనులోనే నిలిపి, దాని రూపమునే గుర్తుగా గైకొనిరి.

బొమ్మ అందముగ నున్నంత మాత్రమున దారి తెలియదు. ద్వారమువద్ద చూచిన బొమ్మయే పటములోను, రైలుపెట్టెలో తలుపుపైనున్న వరుసలోను, దిగుచోట గోడమీదను మరల కనబడవలయును. నడుమ ఒక్కచోట తప్పినను బాటసారి తికమకపడును. కదలుచున్న రైలునుండి సైతము పోల్చుకొనుటకు వీలుగ గీతలు కొద్దిగను, ముదురుగను ఉండవలయును. అట్లున్నచో, అంగడికి పోవు అవ్వకు “బాతు తరువాత పండ్ల పెట్టె” అని చెప్పిన చాలును.

నేడచ్చట మార్గములు 12, స్టేషనులు 195. చదువురానివారికై పుట్టిన బొమ్మలు నేడు నగరమంతటికి ముద్రలైనవి. నగరమునకు వన్నె తెచ్చు చిహ్నము వేరు, దారి చూపు చిహ్నము వేరు కానక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలనుండి గుర్తులను చూచి వోటు వేయుచున్న మనకు ఈ ఉపాయము వింత కాదు. మన రైల్వే స్టేషనులలో ఊరి పేరు మూడు భాషలలో వ్రాయుదురు. అది మేలే. కాని ఏ భాషయు చదువలేనివానికి ఆ బోర్డు మూడు భాషలలోను మూగదియే. కనుక నగరములలో బోర్డులు నాటించువారు ముందుగ ఒక ప్రశ్న వేసికొనవలయును: చదువురాని ముదుసలి ఒంటరిగ వచ్చినచో, ఎవరిని అడుగకయే తాను పోవలసిన చోటికి చేరునా?