ఈత, సైకిలు, పరుగు: పట్టిక మన కార్తెలకు సరిపోవాలి

విజయవాడ: తెల్లవారుజామున కృష్ణ కరకట్ట మీదికి వెళితే పాలక్యాన్ల సైకిళ్ళతో పాటు సన్నచక్రాల సైకిళ్ళు కూడా కనిపిస్తున్నాయి ఈమధ్య. తలకు హెల్మెట్, హ్యాండిల్ మీదికి వంగిన నడుము, పక్కకి చూసే తీరిక ఉండదు. వీరిలో కొందరి గురి ‘ట్రయథ్లాన్’ మీద. ఒకే రోజున, మధ్యలో విశ్రాంతి లేకుండా ముందు ఈత, తర్వాత సైకిలు, చివర పరుగు పూర్తిచేసే పోటీ ఇది.

ఇందులో పెద్ద పోటీ దూరాలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఈత 3.8 కిలోమీటర్లు. ప్రకాశం బ్యారేజి పొడవుకి మూడింతల పైమాటే. సైకిలు 180 కిలోమీటర్లు. బెజవాడ నుంచి బందరు వెళ్ళి తిరిగి వచ్చినా ఇంకా మిగులుతుంది. ఆ పైన పరుగు 42.2 కిలోమీటర్లు, ఇంచుమించు బెజవాడ నుంచి గుడివాడ దాకా. మొత్తానికి సాధారణంగా 17 గంటల గడువు ఇస్తారు. ఇందులో సగం దూరాల పోటీ (1.9, 90, 21.1 కిలోమీటర్లు) గోవాలో 2019లో మొదలైంది. కొవిడ్ వల్ల రెండేళ్ళు ఆగి 2022లో మళ్ళీ జరిగింది. అక్టోబరు, నవంబరు నెలల్లో పెడుతూ వచ్చారు. మనవాళ్ళలో చాలామంది మొదట చూసేది దానివైపే.

ఊళ్ళో ఉండే కుర్రాడికి మూడు విద్యలూ నేర్పే కోచ్ దొరకడం కష్టం. అందుకని ఫోనులో వెతికి ‘20 వారాల శిక్షణ పట్టిక’ అని ఉన్నదాన్ని దించుకుంటాడు. ఏ రోజు ఎంత ఈదాలి, ఎంత తొక్కాలి, ఎంత పరుగెత్తాలి అన్నీ అందులో గడులు గీసి ఉంటాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఒకటే. ఆ పట్టిక రాసినాయన మంచు కురిసే దేశంలో కూర్చుని రాశాడు. మన రోహిణి కార్తె సంగతి ఆయనకి తెలియదు, మన నాట్ల సంగతి అసలే తెలియదు.

పట్టికే లేకుండా పుట్టిన పోటీ

అన్నట్టు, ఈ పోటీ మొదలైనప్పుడు పట్టికలూ లేవు, పాడూ లేవు. 1978 ఫిబ్రవరిలో హవాయి దీవుల్లో జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడా, పరుగెత్తేవాడా అన్న వాదులాటలోంచి పుట్టిన ఆలోచన ఇది. అక్కడ అప్పటికే ఉన్న మూడు పోటీల దూరాలని ఒకదాని వెనక ఒకటి తగిలించారు. బయల్దేరినవారు 15 మంది, పూర్తిచేసినవారు 12 మంది. మొదటివాడు గోర్డన్ హాలర్ పదకొండు గంటల నలభై ఆరు నిమిషాలకి పైగా తీసుకున్నాడు. రెండోవాడు జాన్ డన్‌బార్‌కి దారిలో మంచినీళ్ళు అయిపోతే వెంట ఉన్నవాళ్ళు బీరు అందించారట.

వాళ్ళకి చెల్లింది కదా అని మనమూ పట్టిక లేకుండా దిగుదామంటే కుదరదు. వాళ్ళు అప్పటికే ఏళ్ళ తరబడి వ్యాయామంలో ఆరితేరినవాళ్ళు. మామూలు మనిషికి పట్టిక కావాలి. అయితే ఏ పట్టిక అన్నదే ప్రశ్న.

పంచాంగం పక్కన పెట్టుకుని చూడండి

ఉయ్యూరు దగ్గర రెండెకరాలు సాగుచేసే కుర్రాడు ఒకడు నవంబరు మొదటివారంలో పోటీకి పేరు ఇచ్చాడనుకుందాం. 20 వారాల పట్టిక. వెనక్కి లెక్కపెడితే మొదలు జూన్ మధ్యలో వస్తుంది. మృగశిర వచ్చినా ఎండ ఇంకా పూర్తిగా తగ్గని రోజులు. ఉక్కపోత సరేసరి. జూలై, ఆగస్టుల్లో సార్వా నాట్లు. పట్టికలో సరిగ్గా అప్పుడే వారానికి పది గంటల పని మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి కృష్ణకి వరదలు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అటువంటి నదిలో ‘ఈ వారం మూడు కిలోమీటర్ల బయటి ఈత’ అని పట్టిక చెబితే ఎవరు దిగుతారు? అక్టోబరులో తుఫానుల భయం. దసరాకి బెజవాడ రోడ్లమీద భవానీల రద్దీ. వీటన్నిటి మధ్య కుర్రాడు గడులు నింపుకుంటూ పోవాలి.

కాబట్టి పట్టిక చేతికి రాగానే ముందు చేయాల్సిన పని దాని పక్కన పంచాంగం పెట్టుకుని కూర్చోవడం. నాట్లు పడే వారాలు, కోతల వారాలు, ఇంట్లో పెళ్ళి ఉన్న వారం, కాలువకి నీళ్ళు రాని రోజులు, అన్నిటినీ ఎర్రసిరాతో గుర్తుపెట్టాలి. పట్టికలో బరువైన వారాలు వాటిమీదే పడితే ఆ పట్టిక మనది కాదు. 20 వారాలది తీసేసి 28 వారాలది వెతుక్కోవచ్చు. దాళ్వా పని తగ్గాక ఏప్రిల్ చివర్లో నెమ్మదిగా మొదలుపెట్టి, నాట్ల నెల తేలిగ్గా గడిపి, సెప్టెంబరులో పుంజుకోవచ్చు. లేదా ఆ ఏడు పోటీయే మానుకుని మరుసటి ఏడాదికి చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఫీజు వేలల్లో ఉంటుంది. తొందరపడి కట్టి తర్వాత వగచేకంటే ఇదే మేలు.

ఇంకో మాట. పట్టికని మన తీరికైన వారంతో పోల్చి చూసుకుంటాం. అదే పొరపాటు. పనెక్కువైన వారంలో ఎన్ని గంటలు మిగులుతాయో దాన్నిబట్టి ఎంచుకోవాలి. సగం దూరం పోటీకి వారానికి ఎనిమిది గంటలు నిలకడగా చేస్తే మామూలు మనిషి పూర్తిచేయవచ్చు. ఈతకి మూడుసార్లు నలభై నిమిషాలు, పరుగుకి మూడుసార్లు నలభై నిమిషాలు, సైకిలుకి రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం రెండు గంటలు. వెరసి ఎనిమిది. చివరి నెలల్లో ఆదివారం సైకిలు మూడున్నర గంటల దాకా పెరుగుతుంది. పూర్తి దూరానికైతే వారానికి పది నుంచి పదిహేను గంటలు పెట్టాలి. సంసారం, సేద్యం ఉన్నవాడు మొదటి ఏడాదే దాని జోలికి పోకపోవడం మంచిదని ఈ విలేఖరి అభిప్రాయం.

కిలోమీటర్లా, నిమిషాలా?

పట్టికలు రెండు రకాలు. ‘12 కిలోమీటర్లు పరుగెత్తు’ అని చెప్పేది ఒకటి. ‘70 నిమిషాలు పరుగెత్తు’ అని చెప్పేది మరొకటి. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. చల్లటి దేశంలో ఒకటే కావచ్చు, డెల్టాలో కాదు. ఉక్కపోతలో అదే 12 కిలోమీటర్లకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, చెమట ఎక్కువ కారుతుంది, సమయమూ ఎక్కువ పడుతుంది. కిలోమీటర్ల పట్టిక పట్టుకున్నవాడు ఎండ ఎక్కుతున్నా ఆగడు, దూరం మిగిలింది కదా అని లాగుతాడు. నిమిషాల పట్టికవాడు గడియారం చూసి ఆగిపోతాడు. వడదెబ్బ కేసుకీ, క్షేమంగా ఇంటికి చేరడానికీ మధ్య తేడా ఇంతే కావచ్చు. మన నేలకి నిమిషాల పట్టికే మేలు.

వేగం ఎంత అన్నదానికి ఖరీదైన గడియారాలు అక్కర్లేదు. పరుగెత్తుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది తేలిక వేగం. ముక్కలు ముక్కలుగా మాట వస్తే కష్టమైన వేగం. వారంలో ఎక్కువ భాగం మొదటి రకంగానే సాగాలి. రోజూ ఒగర్చే పట్టికని నమ్మకండి. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించేలా ఉందా అని కూడా చూడండి. తగ్గింపు వారం లేని పట్టిక మోకాళ్ళ మీదికి తెస్తుంది.

జ్వరమో, నాట్లో వచ్చి ఒక వారం తప్పిపోతే చాలామంది వచ్చేవారం రెండింతలు చేస్తారు. తప్పిన వారం అప్పు కాదు, వడ్డీతో తీర్చనవసరం లేదు. దాన్ని వదిలేసి ముందుకి పోవడమే. రెండు వారాలకి మించి తప్పితే రెండు గడులు వెనక్కి జరిగి అక్కడినుంచి మొదలుపెట్టాలి.

కాలువ లెక్క మోసం చేస్తుంది

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. డెల్టాలో పుట్టినవాడికి ఈత వచ్చుననే ధీమా ఉంటుంది. బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో చిన్నప్పుడు దూకినవాళ్ళమే అందరం. కానీ కాలువ ఈతతో మన సత్తా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది.

కాలువ నీరు గంటకి కిలోమీటరున్నర వేగంతో పోతోందనుకోండి. ఒకడు వాలుగా 1.9 కిలోమీటర్లు యాభై నిమిషాల్లో ఈదాడు. గోవా తరహా పోటీలో ఈతకి సాధారణంగా గంటా పది నిమిషాలు గడువు. ‘ఇంకా ఇరవై నిమిషాలు మిగిలాయి’ అని సంబరపడతాడు. నిజానికి అతను గంటకి పోయిన వేగం 2.28 కిలోమీటర్లు. అందులో కిలోమీటరున్నర కాలువది. అతని సొంత ఈత 0.78 మాత్రమే. నిలకడ నీటిలో అదే దూరానికి ఇంచుమించు రెండున్నర గంటలు పడుతుంది. సముద్రంలో దిగాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు, పడవవాళ్ళు పైకి లాగడం తప్ప.

అందుకే కొలత నిలకడ నీటిలో తీసుకోవాలి. బెజవాడలో గాంధీనగర్ సర్ విజ్జీ ఈతకొలను వంటి చోట్ల 50 మీటర్ల కొలనులో 38 సార్లు అటూ ఇటూ పోతే 1.9 కిలోమీటర్లు. 25 మీటర్లదైతే 76 సార్లు. మొదట 400 మీటర్లు ఆగకుండా ఈదగలరా అన్నది పరీక్ష. లేకపోతే 20 వారాల పట్టిక మొదలుపెట్టే ముందు రెండు మూడు నెలలు ఈత ఒక్కటే నేర్చుకోవాలి. తల నీళ్ళ పైన పెట్టి ఈదే మన పాత అలవాటు దూరానికి పనికిరాదు. తల నీటిలో ఉంచి పక్కకి తిరిగి ఊపిరి తీయడం కొత్తగా నేర్వాల్సిందే.

వయసు మించిపోయిందని వెనకాడేవారికి ఒక ఉదాహరణ ఉంది. సామర్లకోటకి చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని పదమూడు గంటలకి పైగా ఈది దాటారు. అప్పటికి ఆమె వయసు 47.

ఇక కాలువలో, నదిలో ఒంటరిగా దిగవద్దు. లాకుల దగ్గర, షట్టర్ల దగ్గర, వంతెన స్తంభాల దగ్గర నీరు కిందికి లాగుతుంది. పైకి నిమ్మళంగానే కనిపిస్తుంది. బ్యారేజి గేట్లు ఎత్తిన రోజుల్లో నది వైపే పోవద్దు. పట్టికలో ‘బయటి ఈత’ అని ఉన్న రోజున పడవో, ట్యూబుతో ఒక మనిషో వెంట లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

చదును నేల, ఎదురుగాలి

సైకిలుకి మన నేల అనువే. కరకట్ట మీద, బందరు రోడ్డు మీద ఎత్తుపల్లాలు లేవు. పట్టికలో ‘కొండ ఎక్కుడు’ అని రాసి ఉంటే మాత్రం డెల్టా కుర్రాడు తెల్లబోతాడు. దానికి బదులు సముద్రం వైపు నుంచి వీచే ఎదురుగాలిలో గేరు పెంచి తొక్కవచ్చు, కాళ్ళకి అదే కొండ. ఓపిక ఉన్నవాళ్ళకి కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు ఉండనే ఉంది. సైకిలు దిగిన వెంటనే పరుగెత్తే అభ్యాసం పట్టికలో వారానికి ఒకసారైనా ఉండాలి. మొదటిసారి కాళ్ళు మనవి కావనిపిస్తుంది. పది నిమిషాల పరుగుతో మొదలుపెడితే చాలు.

తిండి సంగతి కూడా అభ్యాసంలోనే తేల్చుకోవాలి. రెండు గంటలు మించిన రోజున గంటకి రెండు అరటిపళ్ళో, ఓఆర్ఎస్ నీళ్ళో, ఉప్పు వేసిన మజ్జిగో ఏది పొట్టకి పడుతుందో చూసుకోవాలి. ఉత్త మంచినీళ్ళే గంటల తరబడి తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదం వస్తుంది. నలభై దాటినవారు, బీపీ, షుగరు, గుండె ఇబ్బంది ఉన్నవారు డాక్టరుకి చూపించుకున్నాకే మొదటి గడిలో అడుగుపెట్టాలి.

పట్టిక దించుకున్న రోజునే ఒక నోటుపుస్తకం కొనండి. ఎడమ పేజీలో పట్టిక చెప్పింది, కుడి పేజీలో నిజంగా చేసింది రాయండి. నిద్ర, ఎండ, గాలి కూడా ఒక్కో ముక్కలో. నాలుగో వారం చివర రెండు పేజీలూ పక్కపక్కన చూసుకోండి. కుడి పేజీలో సగం గడులు ఖాళీగా ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, పట్టిక మార్చండి. ఇంకా పదహారు వారాలు ఉన్నాయి.