స్టీరింగ్ మీ మాట వినడం లేదా?

సంక్రాంతి సెలవులు. కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను. హైదరాబాద్ దాటి విజయవాడ హైవే ఎక్కారు. నున్నటి రోడ్డు మీద బుద్ధిగా నడిచిన కారు గతుకులు రాగానే కుడికోసారి, ఎడమకోసారి జరగడం మొదలెట్టింది. పక్కనే లారీ. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఊరు చేరేసరికి డ్రైవింగ్ చేసినాయన భుజాలు పట్టేశాయి. 'పాడు రోడ్డు' అని తిట్టుకుని ఊరుకుంటాం. నిజమే, సగం తప్పు రోడ్డుదే. మిగతా సగం... మన చక్రాలది!

బరువు లారీలు ఒకే వరసలో పోయిపోయి, ఎండకి మెత్తబడిన తారులో గాడి పడుతుంది. ఆ గాడి అంచు టైరును పక్కకి లాగుతుంది. చక్రాల కోణాలు సరిగా ఉన్న కారు వెంటనే సర్దుకుని తిన్నగా వచ్చేస్తుంది. కోణం తప్పిన కారు మాత్రం గాడి ఎటు తీసుకెళితే అటు పోతుంది.

లాగడం వేరు... ఊగడం వేరు

కారు ఎప్పుడూ ఒకేవైపు పోతుంటే అది లాగడం. నీళ్లు నిలవకుండా రోడ్డుని అంచులకి వాలుగా వేస్తారు కాబట్టి ఎడమకి కాస్త జరగడం మామూలే. కుడికీ ఎడమకీ మారుతుంటే అది ఊగడం. ఇక ఫలానా వేగం దగ్గర మాత్రమే స్టీరింగ్ వణికితే చాలావరకు అది బ్యాలెన్సింగ్ లోపం. అలైన్‌మెంట్‌తో పోదు.

మూడు కోణాలు

పాదాల వేళ్లు కొంచెం లోపలికి తిప్పి నిలబడండి. ముందు చక్రాలు అలా ఉంటే 'టో ఇన్', బయటికి తిరిగితే 'టో అవుట్'. టో అవుట్ ఎక్కువైతే కారు నిలకడగా నడవదు. చక్రం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉన్నా, కిలోమీటరుకి టైరు దాదాపు 17 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్లే! అరిగేది రబ్బరే.

రెండోది 'క్యాంబర్'... ఎదురుగా చూస్తే చక్రం లోపలికో బయటికో వాలడం. మూడోది 'క్యాస్టర్'. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది కదా... అదే. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రావడానికి ఇదే ముఖ్య కారణం. ఇది తగ్గితే హైవే మీద స్టీరింగ్ తేలిపోతుంది.

షెడ్డుకి వెళ్లేముందు

* టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది.

* ఆగి ఉన్న కారు టైరు మీద అరచేతిని అడ్డంగా అటూ ఇటూ రాయండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపంలా తగిలితే టో తప్పినట్లే.

* బరువంతా డిక్కీలోనే పెడితే ముందు చక్రాలు తేలికై కారు ఊగుతుంది.

షెడ్డులో...

ముందుగా టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, బుష్‌లు చూడమనండి. అవి వదులుగా ఉంటే అలైన్‌మెంట్ చేయించినా మొదటి గుంతకే మళ్లీ మొదటికొస్తుంది. చాలా చిన్న కార్లలో సరిచేయడానికి వీలుండేది ముందు చక్రాల టో ఒక్కటే. క్యాంబర్, క్యాస్టర్ కంపెనీ కొలత దాటితే ఏదో భాగం వంగిందనో, అరిగిందనో అర్థం. కాబట్టి చేయకముందు, చేశాక వచ్చిన కొలతల కాగితం రెండూ అడిగి తీసుకోండి. మీ కారు పుస్తకంలో చెప్పిన గడువుకే కాదు, పెద్ద గుంతలో పడినా, సస్పెన్షన్ భాగం మార్చినా అలైన్‌మెంట్ చూపించాల్సిందే.

గతుకుల్ని మనం పూడ్చలేం. కానీ లారీ పక్కనుంచి వెళ్లేటప్పుడు కారు గీత తప్పకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. ఈసారి పండక్కి బట్టలు సర్దకముందే ఓ గంట చక్రాలకి కేటాయించండి!