సీమ నుంచి పారిస్ దాకా... ఒకే రేకు మీద అన్ని రంగులు!

రీళ్ల కాలంలో సినిమాకి నెగటివ్ ఒకటే. ప్రింట్లు మాత్రం బోలెడు. ప్రొద్దుటూరులో ఆడిందీ, జమ్మలమడుగులో ఆడిందీ, పులివెందులలో ఆడిందీ వేరువేరు ప్రింట్లే. అయినా ఏది అసలు, ఏది నకలు అని ఎవరూ అడగలేదు. అన్నీ అసలువే!

బొమ్మల్లోనూ అలాంటి విద్య ఒకటుంది. లోహపు రేకు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీస్తారు. ప్రింట్‌మేకింగ్ అంటారు. ఆ విద్యలో ప్రపంచమంతా గౌరవంగా తలుచుకునే పేరు ఒకటి మన రాయలసీమది. ఆయనే కృష్ణారెడ్డి.

దర్శకుడు ఎస్వీ కృష్ణారెడ్డి గారు కాదు లెండి! ఈయన చిత్తూరు దగ్గర నందనూరు అనే పల్లెలో 1925లో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదివారు. ‘అది మా కడప జిల్లా కాదే!’ అనకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె తాలూకా కడప జిల్లాలోదే.

మద్రాసులో మనవాళ్లు

రిషివ్యాలీ తర్వాత కుర్రాడు ఏకంగా బెంగాల్ వెళ్లాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. 1947లో మద్రాసు వచ్చి కళాక్షేత్రలో పాఠాలు చెప్పాడు.

సరిగ్గా ఆ ఏడాదే, అదే మద్రాసులో ‘చందమామ’ మొదలైంది. మొదలుపెట్టిన నాగిరెడ్డి గారిది ఏ జిల్లా? మన కడప జిల్లానే! ఆయన అన్నగారు బి.ఎన్.రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ తీశారు. డబ్బు సంపాదించుకు రావడానికి ఊరు వదిలి వెళ్లిన శిల్పి నాగరాజు కథ అది. తిరిగొచ్చేసరికి మల్లి ఊళ్లో లేదు. ఆ నొప్పిని తెర మీద అంత బాగా చూపించిన మనిషి తానే ఊరు వదిలి వెళ్లినవాడు కావడం విశేషం కాదూ!

మన కృష్ణారెడ్డి మాత్రం మద్రాసులో ఆగలేదు. 1949లో లండన్ వెళ్లి స్లేడ్ స్కూల్లో చేరారు. హెన్రీ మూర్ లాంటి మహాశిల్పి దగ్గర నేర్చుకున్నారు. అక్కణ్ణించి పారిస్. అక్కడ హేటర్ అనే ఇంగ్లీషాయన ‘అటెలియే 17’ పేరుతో ఒక అచ్చుల కార్ఖానా నడిపేవాడు. పికాసో, మీరో లాంటివాళ్లు పనిచేసిన చోటు అది. మన పల్లెటూరి మనిషి అందులో చేరి, పోనుపోను హేటర్‌తో సమానంగా దాన్ని నడిపించే స్థాయికి ఎదిగారు.

గండికోటని తలుచుకోండి

ఇంతకీ ఆయన చేసిన కొత్త పనేమిటి? అంతకుముందు రంగుల అచ్చు కావాలంటే మామూలుగా రంగుకొక రేకు చెక్కాలి. ఎరుపుకొకటి, పసుపుకొకటి, నీలానికొకటి. అన్నీ ఒకదాని మీద ఒకటి గీత తప్పకుండా పడాలి. పెద్ద తలనొప్పి!

హేటర్, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ, కృష్ణారెడ్డి ఆ కార్ఖానాలో దానికి మందు కనిపెట్టారు. రేకు ఒక్కటే. దాన్ని గండికోట లోయలాగా ఎత్తుపల్లాలతో చెక్కుతారు. గట్టి రోలరు దొర్లిస్తే రంగు పైనున్న బండల మీదే అంటుకుంటుంది. మెత్తని రోలరు దొర్లిస్తే లోపలికి, పెన్న పారే అడుగు దాకా దిగుతుంది.

మరి రంగులు కలిసిపోవా? అక్కడే ఉంది కిటుకు. ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి పలచన చేస్తారు. ఇంకోదాన్ని చిక్కగానే ఉంచుతారు. పలచని రంగు పడ్డచోట చిక్కనిది అంటుకోదు, జారిపోతుంది. దేని చోటు దానిదే. ఇక తడికాగితం వేసి ఒక్కసారి ప్రెస్సులో తిప్పితే చాలు, అన్ని రంగులూ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి.

నేర్చుకోవడానికి ఎన్నో దేశాల వాళ్లు ఆయన దగ్గరికి వచ్చారు. మన ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్లి స్థిరపడ్డారు. 2018 ఆగస్టులో, 93 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

ఏ ఊరి బొమ్మ?

బయటి దేశం వెళ్లిన కళాకారుణ్ణి అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘నీ బొమ్మలో మీ ఊరేదీ?’ గుడిగోపురమో, బిందె ఎత్తుకున్న పడుచో ఉంటేనే ‘ఇండియా బొమ్మ’ అని గుర్తుపడతారు. కృష్ణారెడ్డి ఆ దారిన పోలేదు. అల, సుడిగుండం, మొలకెత్తే గింజ, కలువ - ఇవీ ఆయన బొమ్మలు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వస్తే వాళ్లనీ చెక్కారు. కూతురితో సర్కస్‌కి వెళ్తే అక్కడి జోకర్ ఓ పెద్ద బొమ్మల వరస అయ్యాడు. మన సింహాద్రిపురం పద్మనాభం గారిని తెర మీద చూసి నవ్విన వాళ్లకి ఆ జోకర్ ఏమీ పరాయివాడు కాదు.

నీళ్లకీ, గింజకీ పాస్‌పోర్టు అక్కర్లేదు. సీమ రైతుకి ఆ రెండిటి విలువ ఒకరు చెప్పాలా! ఊరి పేరు రాయకుండా ఊరిని వెంట తీసుకుపోయే పద్ధతి అది.

మనకెందుకు ఈ కథ అంటారా? కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఎంతమందో! అమెరికాకీ వెళ్తూనే ఉన్నారు. వాళ్ల పిల్లల్లో బొమ్మలు గీసేవాళ్లకి ‘నేనెవరు?’ అన్న ప్రశ్న తప్పదు. ఇక ఊళ్లో ఉన్న కుర్రాడి బాధ వేరు. ఒకప్పుడు చెయ్యి తిరిగితే సినిమా హోర్డింగైనా రాసి బతికేవాడు. ఫ్లెక్సీ వచ్చి ఆ పని ఎత్తుకుపోయింది. అయితే కృష్ణారెడ్డి కాలంలో లేనిది ఇప్పుడొకటి ఉంది. 2020లో కడపలోనే డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. ముందు ఇక్కడ నేర్చుకుని, తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవచ్చు.

ఈసారి గండికోట వెళ్లినప్పుడు, సెల్ఫీ దిగడం అయ్యాక ఒక్క నిమిషం లోయలోకి చూడండి. పైన బండ మీద ఎండ ఏ రంగు, అడుగున నీటికి ఏ రంగు? రోలరు చేతికి దొరికితే మీరు ముందు ఏది పూస్తారు?