పాత కలములు, కొత్త మక్కువ

ఒక వస్తువు తయారీ నిలిచిపోయిన పిదప లోకము దానిని త్వరలోనే మరచిపోవుట సహజము. ఫౌంటెన్ పెన్ను విషయమున మాత్రము ఇందుకు భిన్నమైన వింత ఒకటి కానవచ్చుచున్నది. చేసిన కర్మాగారము మూతపడినది. అమ్మిన దుకాణములో మరేదో వ్యాపారము సాగుచున్నది. విడిభాగములు సులభముగా దొరకవు. అయినను ఆ కలముల కొరకు వెదకువారు, వాటిని మొదటి వెలకు ఎన్నో రెట్లు ఇచ్చి కొనువారు, కొన్న పిదప విప్పి కడిగి మరల వ్రాయించువారు అనేక దేశములలో ఉన్నారు. వీరి మక్కువకు కారణమేమి? ఇది కలవారి వేడుక మాత్రమేనా, లేక అందులో మనము గ్రహింపదగినది ఏదైన కలదా? సమాధానము కొరకు ఒక్క కలము చరిత్రను పరిశీలింతము. ఆ కలము పేరు పార్కర్ 51.

అమెరికాలోని జేన్స్‌విల్ పట్టణమున జార్జి పార్కర్ 1888లో స్థాపించిన సంస్థ, 1939లో, తన 51వ సంవత్సరమున ఈ కలమును రూపొందించినది. అందుచేతనే దానికి పేరునకు బదులు సంఖ్య వచ్చినది. సంఖ్యను ఏ భాషలోనికిని అనువదింపనక్కరలేదు గదా! 1941లో అది అమెరికా అంగళ్లకు వచ్చినది. ఆ కాలమునకు అది ఖరీదైన వస్తువు. చిన్న ఉద్యోగి ఆలోచించి, కూడబెట్టి కొనవలసిన వస్తువు.

ఈ కలము ఒక సిరా కొరకు పుట్టినదని చెప్పిన ఆశ్చర్యము కలుగవచ్చును. ఆ రోజులలో ఒక పుట వ్రాయగనే అద్దుడు కాగితముతో అద్దనిదే పుట త్రిప్పుటకు వీలులేదు. ఈ అవస్థను తొలగించుటకై పార్కర్ సంస్థవారు కాగితమును తాకిన వెంటనే ఆరిపోవు సిరాను సిద్ధము చేసిరి. సిరా బాగుగనే పనిచేసినది. కాని క్షారగుణము మిక్కుటముగా గల ఆ ద్రవము, నాటి కలముల ఒడలైన సెల్యులాయిడ్‌ను పాడుచేయసాగినది. సిరాను విడుచుటకు మనసొప్పక, వారు కలమునే మార్చిరి. లూసైట్ అను గట్టి పారదర్శక పదార్థమును ఎన్నుకొని, దానికి రంగులు కలిపి, కలపు ఒడలు చేసిరి. రెండవ ప్రపంచ యుద్ధమున విమానచోదకుని ముందు అద్దమువలె అమర్చినదియు ఈ జాతి పదార్థమే.

అంతటితో చిక్కు తీరలేదు. కాగితముపై త్వరగా ఆరు సిరా పాళీపై మాత్రము ఆరకుండునా? కావున పాళీని ఒక ముసుగులో దాచి, కొన మాత్రము కనిపించునట్లు చేసిరి. ముసుగు వెనుక ఎన్నో సన్నని రేకులవంటి గాడులు గల గొట్టమును అమర్చిరి. చేతివేడికి లోపలి గాలి వ్యాకోచించి, సిరా అధికముగా త్రోసికొని వచ్చినపుడు అది ఈ గాడులలో నిలుచును. పాళీకి చేరవలసినంత మాత్రమే చేరును. చొక్కా జేబుకు మరక అంటకుండుట ఈ యేర్పాటు చలవయే. తుదకు జరిగినదేమనగా, ఆ క్షార సిరా కాలక్రమమున అంగళ్లనుండి తొలగిపోయినది. దాని కొరకు పుట్టిన కలము మాత్రము నిలిచినది.

ఈ కలము చరిత్రలోనికి ప్రవేశించిన దినము 1945 మే 7. ఫ్రాన్సులోని రీమ్స్ పట్టణమున జర్మనీ సేనల లొంగుబాటు పత్రముపై సంతకములు పార్కర్ 51 కలములతో జరిగినవి. సేనాపతి ఐసెన్‌హోవర్ ఆ రెండు కలములను విజయచిహ్నమైన 'వి' ఆకారమున చేతబట్టి ఛాయాచిత్రము తీయించుకొనెను. ఇట్టి చిత్రములు ప్రపంచమంతట ప్రకటితమైన పిదప, జేబులో ఆ కలము ఉండుట ఒక గౌరవముగా భావింపబడినది.

అట్టి కలము ఏల ఆగిపోయినది? ఆ సంవత్సరమే అక్టోబరు 29న న్యూయార్కులోని గింబెల్స్ దుకాణమున బాల్ పాయింట్ కలములను కొనుటకు జనము విరగబడిరి. మొదట వచ్చినవి సరిగా వ్రాయలేదు. కాని దోషములు క్రమముగా సవరింపబడి వెల పడిపోయినది. సిరా బుడ్డితో పనిలేదు, కడుగవలసిన పనిలేదు, పోయినను దుఃఖము లేదు. పార్కర్ సంస్థ సైతము 1954లో జాటర్ అను బాల్ పాయింట్ కలమును విడుదల చేయక తప్పలేదు. 1972 నాటికి పార్కర్ 51 ఉత్పత్తి ముగిసినది.

సేకరణప్రియుల కథ ఇక్కడ ఆరంభమగును. ఉత్పత్తి నిలిచిన వస్తువునకు ఒక హద్దు ఏర్పడును. ఇక ఒక్కటియు అదనముగా పుట్టదు. పోవునవి పోవుచునే ఉండును. కావున మిగిలినవానిలో భేదములు వెదకుట మొదలగును. 1941 నాటి తొలి కలములను గుర్తించుటకు వారు చివరనుండు అల్యూమినియపు బొడిపెను చూతురు. తొలినాళ్ల కలముల ఒడలిపై సన్నని అంకె చెక్కబడి ఉండును. అది తయారైన సంవత్సరపు తుది అంకె. సామాన్యుని కంటికి గీతవలె కనిపించు ఆ గుర్తు, తెలిసినవానికి జన్మపత్రము. రంగులలోను ఇట్టి తారతమ్యమే. నలుపు, ముదురెరుపు విస్తారముగా దొరకును. 1940ల చివర కొద్దికాలము మాత్రమే చేసిన నేరేడుపండు వన్నె కలము కనబడినచో వారికి పండుగ.

విజయములను మాత్రమే కాక వైఫల్యములను సైతము వారు ఆదరింతురు. తొలి కలములలో సిరా నింపుటకు లోపల ఒక రబ్బరు పొర ఉండెడిది. దానికి బదులు 1946, 47లలో ఎర్రని పట్టీ గల వేరొక ఏర్పాటును ప్రయత్నించిరి. అది సరిగా పనిచేయక త్వరలోనే విడువబడినది. నాడు తిరస్కరింపబడిన ఆ కలమే నేడు అపురూపమై మంచి వెల పలుకుచున్నది. 1948లో వచ్చిన మరియొక పద్ధతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిని ఉంచి, ఒక లోహపు పట్టీని నొక్కి సిరా పీల్చునట్లు చేసిరి. ఇది ఎంత గట్టిదనగా, 70 ఏండ్లు గడచినను ఆనాటి సంచులు అనేకము నేటికిని సిరా పట్టుచున్నవి. శుభ్రముగా కడిగిన చాలును, తాతగారి కలము మనుమని చేతిలో వ్రాయును. ఈ మక్కువకు ముఖ్యకారణము ఇదియేనని మా అభిప్రాయము. పాత నాణెముతో నేడు ఏమియు కొనలేము. పాత తపాలాబిళ్ల అంటించి పంపిన ఉత్తరమునకు అది పోయినట్లే. పాత కలము మాత్రము తన పనిని తాను నేటికిని చేయగలదు.

ఈ మక్కువను కనిపెట్టిన వ్యాపారులు అరుదనమునే తయారుచేయ మొదలిడిరి. 1715లో ఫ్లారిడా తీరమున మునిగిన స్పెయిన్ నౌకలనుండి వెలికితీసిన వెండితో పార్కర్ సంస్థ 1965లో 4,821 కలములు చేసినది. జర్మనీకి చెందిన మాంట్ బ్లాంక్ సంస్థ 1992లో లోరెంజో డి మెదిచి పేరిట 4,810 కలములు విడుదల చేసినది. ఆ సంస్థ కలముల పాళీపై చెక్కబడు 4810 అను సంఖ్య మాంట్ బ్లాంక్ శిఖరపు ఎత్తును మీటర్లలో తెలుపునది. ఇవియు అందమైన వస్తువులే, సందేహము లేదు. కాని వీనిలో అనేకము పెట్టెనుండి ఎన్నడును బయటికి రాక, సిరా రుచి ఎరుగక, ఒక చేతినుండి మరియొక చేతికి అమ్ముడగుచున్నవి. వ్రాసిన వెంటనే వాని వెల తగ్గునను భయమే ఇందుకు కారణము. వ్రాయుటకు భయపడు కలమును కలము అనవచ్చునా? సేకరణప్రియులలోనే దీనిపై రెండు పక్షములున్నవి. మేము వ్రాయువారి పక్షము.

పార్కర్ 51 పేరు సైతము మరల మరల లేచి వచ్చినది. 2002లో ఒకసారి, 2021లో మరియొకసారి ఆ పేరుతో కలములు వెలువడినవి. 2021 నాటి దానికి ముసుగు పాళీ ఉన్నను, లోపల సిరా గొట్టములు మార్చుకొను ఏర్పాటే కలదు. పేరును పునరుద్ధరించుట సులభమే. ఆ పనితనమును పునరుద్ధరించుట వేరు.

వెల పెరిగినచోట మోసమును పెరుగును. ఒక కలపు మూత, మరియొక దాని ఒడలు, మూడవ దాని పాళీ కలిపి అపురూప వస్తువని అమ్మువారున్నారు. కావున తొలిసారి కొనువారు తెలిసినవారికి చూపి కొనుట మేలు. ఇట్టి జ్ఞానము గలవారు, ముఖ్యముగా మరమ్మతు చేయగల పనివారు, తగ్గిపోవుచున్నారు. బజారు మూలలో చిన్న బల్ల వేసికొని పాళీలు సరిచేసిన వృద్ధుల విద్య, నేర్చుకొనువారు లేక, వారితోనే పోవుచున్నది. ఆ విద్యను కొంతవరకైనను కాపాడుచున్నది ఈ సేకరణప్రియులే. చెడిన రబ్బరు పొరలకు బదులు కొత్తవి చేయించువారును, పాత పనిముట్ల నమూనాలు చూచి కొత్తవి తయారుచేయువారును వారిలోనుండియే వచ్చిరి.

మన తెలుగు ఇండ్లలో పార్కర్ 51 కన్న దాని పోలికగల చైనా దేశపు హీరో కలమును ఎరిగినవారే ఎక్కువ. పరీక్షకు ముందు కొడుకు జేబులో తండ్రి పెట్టిన ఆ కలమునకును ముసుగు పాళీయే. ఇక మన రాజమహేంద్రవరము మాట వేరు. గాంధీజీ స్వదేశీ బోధచే ప్రేరితులై కోసూరి రత్నముగారు అచ్చట చేసిన కలము మహాత్మునికి చేరి, 1935లో ఆయన మెప్పును పొందినది. ఎబొనైట్ కడ్డీని తరిమెనపై పట్టి ఒక్కొక్కటిగా చేయు ఇట్టి కలమునకు ఒక సదుపాయము కలదు. మూత పోయినచో మరియొక మూత చేయవచ్చును. పనివాడు ఉన్నంతవరకు అట్టి కలము ఆగిపోదు.

ఇక శ్రోతల ఇండ్లలో పాత కలము ఉన్నచో చేయదగినవి కొన్ని చెప్పెదము. చల్లని నీటిలో పాళీని నానబెట్టి, నీరు తేటపడువరకు మెల్లగా నింపుచు విడుచుచు కడుగవలెను. వేడినీరు తగదు. స్పిరిటు అసలే తగదు, దానివలన ఒడలు పగుళ్లు తీయును. పార్కర్ 51 ముసుగును పట్టకారుతో త్రిప్పరాదు. అది లక్క జాతి జిగురుతో బిగింపబడినది, ఎరిగినవారే విప్పవలెను. చిత్రలేఖనమునకు వాడు చిక్కని సిరా పోయరాదు. చెక్కిన అక్షరములు చెరగునట్లు మెరుగు పెట్టరాదు. కొంతకాలము వాడదలపనిచో సిరా తీసి ఆరబెట్టి దాచవలెను.

తుదకు ఒక్క మాట. కలముపై ఎవరి పేరైన చెక్కి ఉన్నచో అంగడిలో సామాన్యముగా దాని వెల తగ్గును, కొనువానికి ఆ పేరు పరాయిది గనుక. కాని ఆ పేరు మీ తాతగారిదో, మేనమామగారిదో అయినచో లెక్క తలక్రిందులగును. అట్టి దానిని అమ్మబోవుటకు ముందు ఒకమారు సిరా పోసి, వారి పేరును వారి కలముతోనే ఒక కాగితముపై వ్రాసి చూడుడు. అమ్మవలెనా, ఉంచుకొనవలెనా అనునది అటు పిమ్మట నిర్ణయించుకొనవచ్చును.