తిరగబడిన పారాబొలా

మినీ ప్రాజెక్ట్ రివ్యూలో సార్ నా గ్రాఫ్ అప్లికేషన్లో మైనస్ ఎక్స్ స్క్వేర్ టైప్ చేశారు. బోర్లించిన గిన్నెలా రావాల్సిన పారాబొలా నిటారుగా నిలబడింది!

పైథాన్‌లో ఇలాంటివి 'ఇవాల్' చూసుకుంటుంది (యూజర్ ఏ కోడ్ రాసినా నడిపేస్తుంది, అదో ప్రమాదం). నాది సీ ప్లస్ ప్లస్. కంపైల్ అయ్యాక మిగిలేది మెషీన్ కోడే, లోపల కంపైలర్ ఉండదు. దానికి 2+3*4 అంటే ఐదు అక్షరాల స్ట్రింగ్, అంతే.

అందుకే డైక్‌స్ట్రా 1961లో ఆల్గాల్ 60 కోసం వివరించిన షంటింగ్ యార్డ్ పద్ధతి పట్టుకున్నాను. అంకెలు నేరుగా ముందుకెళ్తాయి. ఆపరేటర్లు, పక్క పట్టాల మీదికి మళ్లించిన వ్యాగన్లలా, స్టాక్‌లో ఆగుతాయి. ఆగి ఉన్న + మీద * వచ్చి కూర్చుంటుంది కాబట్టి ముందు అదే బయటికొస్తుంది. చివరికి 2 3 4 * +. ఎడమ నుంచి లెక్కిస్తే 14.

నన్ను ముంచింది మైనస్. 5-3లో అది తీసివేత, -3లో ఉత్త గుర్తు. దాని ముందు అంకో, ఎక్సో, మూసిన బ్రాకెట్టో ఉంటేనే తీసివేత. ఇంతవరకు సరిగ్గానే రాశాను. కానీ ఆ గుర్తుకి ఘాతం కన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చేశాను. ముందు మైనస్, తర్వాత వర్గం!

నేనొక్కణ్ణే కాదులెండి. -3^2కి ఎక్సెల్ కూడా 9 అంటుంది. పైథాన్‌లో  తో రాస్తే -9. లెక్కల పుస్తకం -9 వైపే, ఇప్పుడు నేనూ అటే.

ఇంకోటి, 800 బిందువులకి 800 సార్లు స్ట్రింగ్ విప్పకండి. ఒక్కసారి మార్చి దాచుకుని, ఎక్స్ విలువ మాత్రం మార్చుకుంటూ పోండి. నేను విప్పాను. స్లైడర్ లాగితే విండో బిగుసుకుపోయింది, అదీ సార్ ముందే.