బిగిసిన యంత్రము – బంధించిన కందెన

అటకమీద ముప్పది నలువది యేండ్లు పడియున్న రికార్డుప్లేయరును క్రిందికి దింపి చూచినపుడు, పళ్లెము తిరుగక, చేయి కదలక, మీట లొంగక యున్నచో, అది చెడిపోయినదని తలంచుట లోకసహజము. కాని విప్పి పరిశీలించినచో విరిగిన భాగము గాని అరిగిన భాగము గాని ఒక్కటియైనను కానరాకపోవుట తరచు జరుగుచుండును. ఇనుము ఇనుముపై సాఫీగా జారుటకై ఆనాడు పూసిన కందెనయే ఈనాడు వానిని బంధించియుండును.

ఈ చిక్కు తొలినాటి గ్రామఫోనులకును తప్పలేదు. 1887లో ఎమిలి బెర్లినర్ పేటెంటు పొందిన గ్రామఫోనును చేతితో త్రిప్పవలసియుండెను. 1896లో అమెరికాలోని కామ్డెన్ పట్టణమున ఎల్డ్రిడ్జ్ జాన్సన్ దానికి నిలుకడగల స్ప్రింగుమోటారును సమకూర్చిన పిమ్మటనే అది గృహస్థుల యింట నెలకొన్నది. మన పద్యనాటకముల ప్లేట్లు ఊరూర మ్రోగినది గూడ అట్లు చావి యిచ్చు యంత్రములమీదనే. ఆ మోటారు డబ్బాలో పెక్కుచుట్లుగా నున్న ఉక్కుపట్టీకి పూసిన గ్రాఫైటు గ్రీజు ఎండినచో, చుట్లు క్రమముగా విచ్చుకొనక, కొంతసేపు అంటుకొనియుండి, ఒక్కసారిగా జారి ధడేలుమనును. ఆ కుదుపు పాటలోనికి ప్రాకి స్వరమును తడబడజేయును. చావి పూర్తిగా దిగకముందు ఆ డబ్బాను విప్పుట చేతివ్రేళ్లకే ప్రమాదము.

గ్రీజనగా సబ్బుతో చిక్కపరచిన నూనె. సబ్బుయొక్క సన్నని పోగుల అల్లికలో నూనె ఇమిడియుండి, భాగములు కదలినపుడు కొద్దికొద్దిగా వెలువడును. ఏండ్లు గడచినకొలది ఆ నూనె కొంత కారిపోగా, కొంత ఆవిరికాగా, మిగిలినది గాలిలోని ఆమ్లజనితో కలిసి, వంటింటి గోడపై పేరుకొన్న జిడ్డువలె బంకగా మారును.

జర్మనీలోని బ్లాక్ ఫారెస్టు ప్రాంతమున, సెంట్ గెయోర్గెన్ పట్టణములో, డ్యూయల్ సంస్థ 1960లలో నిర్మించిన స్వయంచాలక యంత్రములు ఇందుకు నిదర్శనము. రికార్డు ముగిసినంతనే చేతిని ఎత్తి స్వస్థానమునకు చేర్చు ప్రధానమైన మీట చట్రము క్రింద నొక మేకును ఆధారముగా గొని తిరుగును. అచట గ్రీజు గట్టిపడినచో చేయి నడుమనే నిలిచిపోవును. అట్టి చేతిని బలిమిచే త్రోయుట నా దృష్టిలో మహాపరాధము, ఏలయన మీటకన్న ముందు సున్నితమైన పళ్లచక్రము విరుగును. హెయిర్ డ్రయ్యరు వేడిగాలిని కొంతసేపు సోకించి, బంక మెత్తబడినపిదప మీటను ఇటునటు మెల్లగా ఆడించి, ఊడదీసి, మద్యసారముతో తుడిచి, క్రొత్త కందెన పూయవలెను. పైపైన నూనె పోసి సంతసించిన లాభము లేదు. పాతబంక దానిని కలుపుకొని కొన్నాళ్లు మెత్తబడి, మరల బిగియును. ఆ మద్యసారము మాత్రము పాత 78 వేగపు ప్లేట్లపై పడరాదు. వాని లక్క అందు కరగిపోవును.

వేడిమికి మరియొక సామర్థ్యము గలదు. ఒక్కొక్క డిగ్రీకి అల్యూమినియము పదిలక్షలలో 23 వంతులును, ఉక్కు 12 వంతులును వ్యాకోచించును. కావున ఉక్కు ఇరుసుపై అల్యూమినియపు పళ్లెము బిగిసినపుడు, రెండును కలిసి 50 డిగ్రీలు వేడెక్కినను, 10 మిల్లీమీటర్ల రంధ్రము ఇరుసుకన్న మిల్లీమీటరులో సుమారు 200వ వంతు అధికముగా విశాలమగును. కంటికానని ఆ యెడమే చాలును; సుత్తి వంచగల ఇరుసును వేడిమి వంచకయే విడిపించును.

ఇన్ని యుపాయములకును లొంగనిది తుత్తునాగపు పోత. 1920ల నాటి పోతలలో సీసము, తగరము కొద్దిగా కలిసియున్నచో, లోహపు రేణువుల సరిహద్దులవెంట క్షయము ప్రవేశించి, భాగము లోననుండి ఉబ్బి బీటలువారును. సూది కదలికను ధ్వనిగా మార్చు హెచ్.ఎం.వి. నాలుగవ నంబరు సౌండ్‌బాక్సులు పెక్కింటికి ఈ గతియే పట్టినది. 1929లో అమెరికాలో అతిశుద్ధమైన తుత్తునాగముతో జమాక్ అను మిశ్రమము వెలువడి, ఈ వ్యాధికి నివారణ చూపినది. కాని అంతకుముందు పోతపోసిన వానిని అది రక్షింపలేదు. అట్లు ఉబ్బి బిగిసినది బంక కాదు, లోహమే. నూనె గాని వేడిమి గాని అచట పనిచేయదు. ఆ ముక్కను జాగ్రత్తగా కోసి తీసి, సౌండ్‌బాక్సులోని అభ్రకపు పలకనో అల్యూమినియపు పలకనో గాయపరుపక కాపాడి, ఇత్తడితో క్రొత్తముక్క చేయించి అమర్చవలెను.